సంతకం కోడలిది, మాట ఎవరిది? డిమెన్షియా ఉన్నవాళ్ళతో ఇంటర్వ్యూలు ఎలా చెయ్యాలి?

లేసుదారం:

నమస్కారమండి. కోనసీమ పల్లెల్లో డిమెన్షియాతో (మరుపు, తికమక ముదిరే జబ్బుతో) ఉన్న పెద్దవాళ్ళకి రోజు ఎలా గడుస్తోందన్నది నా ఎమ్మెస్సీ నర్సింగ్ థీసిస్. ఇరవై మంది, ఒక్కొక్కరితో గంటసేపు ఇంటర్వ్యూ, ఫోన్లో రికార్డింగ్ అని ప్రొటోకాల్‌లో పెట్టాను. ఎథిక్స్ కమిటీ వెనక్కి పంపింది. "సమ్మతి ఇవ్వలేనివాళ్ళ దగ్గర సమ్మతి ఎలా తీసుకుంటారు?" అని ఒకే ఒక్క ప్రశ్న. ఇదంతా ఎందుకు, కోడళ్ళనీ కూతుళ్ళనీ అడిగేస్తే పనైపోతుంది కదా అన్న సలహా కూడా వచ్చింది. అలా చేస్తే అది చూసుకునేవాళ్ళ కష్టం మీద థీసిస్ అవుతుంది. అలాంటివి ఇప్పటికే బోలెడున్నాయి.

నాకు తేలనివి ఇవి. మామ్మగారిని అడిగితే కోడలు జవాబు చెబుతుంది, ఆవిడ "ఆయ్, అంతేనండి" అంటారు. దాన్ని ఆవిడ జవాబుగా రాసుకోవచ్చా? ఎమ్‌ఎమ్‌ఎస్‌ఈ (జ్ఞాపకం, ఆలోచన కొలిచే పరీక్ష) స్కోరు 20 దాటినవాళ్ళనే తీసుకుంటానంటే కమిటీ నోరు మూతపడుతుందా? సమాచార పత్రంలో "డిమెన్షియా" అన్న మాట పెట్టాలా, వద్దా? మాట బాగా తగ్గిపోయినవాళ్ళని వదిలెయ్యాల్సిందేనా?

కమిటీబల్ల:

లేసుదారం గారూ, ఆ ప్రశ్నలోనే తీర్పు దాగుంది. "సమ్మతి ఇవ్వలేనివాళ్ళు" అని ముందే తేల్చేశారు. డిమెన్షియా అన్న పేరు పడినంత మాత్రాన నిర్ణయం తీసుకునే శక్తి పోయిందని మన చట్టం అనదు. మీ జవాబు అక్కణ్ణుంచే ఎత్తుకోండి.

ముందు ఆ స్కోరు గొడవ వదిలించుకుందాం. ఎమ్‌ఎమ్‌ఎస్‌ఈ 30 మార్కుల పరీక్ష. అందులో వందలోంచి ఏడేసి తీసేసే లెక్కకి 5, చదివి చెయ్యడానికి 1, వాక్యం రాయడానికి 1, బొమ్మ చూసి గియ్యడానికి 1. అంటే బడి గడప తొక్కని మామ్మగారికి కుర్చీలో కూర్చోకముందే 8 మార్కులు గండంలో పడ్డట్టే. ఇంగ్లీషు తేదీ అడిగితే నీళ్ళు నములుతారు, "ఇవాళ తిథేంటండీ" అంటే ఏకాదశి అని ఠక్కున చెప్పేస్తారు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగుతో కలిపి ఐదు భాషల్లో పరీక్షల పెట్టె తయారు చేయించింది ఇందుకే. కానీ అది కూడా జబ్బు ఉందో లేదో తేల్చడానికే. మీతో మాట్లాడాలా వద్దా అని ఆవిడ నిర్ణయించుకోగలరా లేదా అన్నది ఏ స్కోరూ చెప్పదు. 20 అని గీత గీస్తే మీకు మిగిలేది చదువుకున్న, జబ్బు ఇంకా ముదరని మగవాళ్ళే.

శక్తి అనేది ఒక్కో నిర్ణయానికి ఒక్కోలా ఉంటుంది. పొలం రాసివ్వడానికి చాలని జ్ఞాపకం అరగంట కబుర్లకి ఒప్పుకోడానికి చాలు. ఇంగ్లండ్, వేల్స్‌లకి వర్తించే 2005 మెంటల్ కెపాసిటీ చట్టం ఇదే మాట విడమరిచి చెప్పింది: సమాచారం కాసేపే గుర్తున్నా సరే, అంతమాత్రాన శక్తి లేదనకూడదు. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 4వ సెక్షను వైద్య నిర్ణయాల గురించే అయినా దాని చట్రం మీకు పనికొస్తుంది. విషయం అర్థం కావడం, పర్యవసానం తెలియడం, తన నిర్ణయం తెలపగలగడం, ఈ మూడింటి గురించీ చెబుతుంది. ఆ తెలపడం మాటతోనైనా, ముఖకవళికతోనైనా, సైగతోనైనా సరే అని అందులోనే ఉంది. కమిటీకి ఆ వాక్యం ఎత్తి రాయండి.

దాన్ని వాకిట్లో ఎలా చేస్తారంటే: మూడే మూడు సంగతులు చెప్పండి. "మీ రోజు ఎలా గడుస్తుందో మాట్లాడుకోడానికొచ్చామండి." "మీ మాటలు ఈ ఫోన్లో దాచుకుంటాం." "వద్దంటే ఇప్పుడే ఆపేస్తాం, మీ పింఛనుకీ మందులకీ దీనికీ ఏ సంబంధమూ లేదు." తర్వాత "అర్థమైందా అండీ" అని అడక్కండి, ఎవరైనా అయిందనే అంటారు. ఆవిడ నోటే చెప్పించండి. మేం ఎందుకొచ్చామంటారు? మీకు ఇష్టం లేకపోతే ఏం చేస్తారు? ఈ మాటలు ఎవరెవరు వింటారు? ఏదైనా తప్పితే ఇంకా చిన్న మాటల్లో మళ్ళీ చెప్పండి, మూడుసార్ల దాకా. ఈ మూడింట్లో రెండోదానికి వచ్చే జవాబే అసలైంది. "పొమ్మంటానమ్మా, నాకేం భయం" అన్న మామ్మగారి దగ్గర సమ్మతి తీసుకోవచ్చు. "అమ్మో, అలా ఎలా అంటాం, మా అబ్బాయి కోప్పడతాడు" అన్నారంటే విషయం అర్థమైంది గానీ స్వేచ్ఛ లేదన్నమాట. మనవైపు ఎదురయ్యేది ఎక్కువగా ఈ రెండో రకమే, దాన్ని ఏ పరీక్షా పట్టుకోలేదు. కాగితం మీద ఒక కొలమానం కావాలని కమిటీ పట్టుబడితే, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగోలో 2007లో వచ్చిన పది ప్రశ్నల పత్రం ఉంది, యూబ్యాక్ అంటారు. ప్రశ్నకి 0, 1, 2 చొప్పున మొత్తం 20. దాన్ని మీ అధ్యయనానికి తగ్గట్టు తెలుగులో మార్చుకోవాలి, ఉన్నదున్నట్టు దించితే కుదరదు.

చట్టం సంగతి. అదే 2017 చట్టంలో 99వ సెక్షను పరిశోధన గురించి. ఇంటర్వ్యూ అయినా సరే స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చిన సమ్మతి కావాలంటుంది. సమ్మతి ఇవ్వలేని స్థితిలో ఉండి, ఎదురు చెప్పనివాళ్ళ మీద మానసిక, శారీరక, రసాయనిక, ఔషధ ప్రయోగాలేవైనా చెయ్యాలంటే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ అనుమతి ఉండాలి. మీది ఉత్త సంభాషణ. "ఏ చికిత్సా, ఏ పరీక్షా లేదు" అని ప్రొటోకాల్ మొదటి పేజీలోనే రాయండి. శక్తి లేదని తేలినవాళ్ళకి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం చట్టబద్ధ ప్రతినిధి సంతకం, దాంతోపాటు ఆ మనిషి సొంత ఒప్పుదల, రెండూ ఉండాలి. ప్రతినిధి "సరే" అన్నా మామ్మగారు మొహం తిప్పుకుంటే అక్కడితో ఆపెయ్యాలి, బతిమాలకూడదు.

ఆ ప్రతినిధి ఎవరన్నది కోనసీమలో చిక్కే. కొడుకు కువైట్‌లో, కూతురు హైదరాబాద్‌లో, స్నానం చేయించేది చిన్నకోడలు. సంతకం పెట్టే హక్కు తనదేనని కొడుకు వాట్సాప్‌లో అంటాడు. ఆయన్ని కాదనక్కర్లేదు, కానీ ఆవిడ దేనికి సంతోషిస్తుందో దేనికి బెదురుతుందో కోడలికి తెలుసు. ఆ వివరం ఆమెనే అడిగి రాసుకోండి. కోడలిని కూడా ఇంటర్వ్యూ చేస్తే ఆమెకి వేరే పత్రం, వేరే సంతకం. ఒకే కాగితం మీద ఇద్దరివీ పెట్టించడం కమిటీలు తరచూ పట్టుకునే తప్పు. వేలిముద్ర అయితే అధ్యయనంతో సంబంధంలేని సాక్షి కావాలి. మిమ్మల్ని ఇంటికి తీసుకొచ్చిన ఆశా కార్యకర్త సాక్షి కాకూడదు.

సమ్మతి ఒక్కసారి తీసుకుని ఫైల్లో పెట్టేది కాదు. నర్సింగ్ పరిశోధకురాలు జాన్ డ్యూయింగ్ 2007లో రాసిన "ప్రక్రియ సమ్మతి" పద్ధతి చదవండి. ముందు మనిషిని తెలుసుకోవడం, శక్తి ఏపాటిదో చూడటం, మొదటి ఒప్పుదల, కూర్చున్నంతసేపూ దాన్ని గమనిస్తూ ఉండటం, చివర చెప్పుకోవడం, అవసరమైతే ఆసరా. వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ అడగాలి, ఏ గుర్తులు చూసి సరే అనుకున్నారో ఆ రోజే రెండు వాక్యాలు రాయాలి. "చేతిలో కొంగు వదిలేసి ముందుకు వంగి మాట్లాడారు" అన్నంత వివరంగా.

రేవుగట్టు:

పై మాటలన్నీ సరే. ఇంట్లో అడుగుపెట్టాక జరిగేది నేను చెబుతాను.

మొదటిది, ఎవరితో వెళ్తారన్నది. చేతిలో ట్యాబో అట్టో కనిపిస్తే సచివాలయం సర్వే అనుకుంటారు. జవాబు చెప్పకపోతే పింఛను పోతుందన్న భయం ఆ క్షణమే మొదలవుతుంది. కాబట్టి ఒకటో తారీఖు వెళ్ళొద్దు, అది పింఛను ఇచ్చే రోజు. ఆధార్ అడక్కండి, రేషన్ కార్డు ఊసెత్తకండి. ఇల్లు చూపించిన ఆశమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోవాలి.

గంట ఇంటర్వ్యూ మర్చిపోండి. 25 నిమిషాలు, మూడుసార్లు, మధ్యలో వారం మించకుండా. మొదటిసారి రికార్డింగు వద్దు, పరిచయం మాత్రమే. టిఫిన్ అయ్యాక తొమ్మిదిన్నరా పదకొండు మధ్య మంచి సమయం. పొద్దు వాలేకొద్దీ తికమకా ఆందోళనా పెరిగేవాళ్ళు చాలామంది, నాలుగు దాటాక వెళ్ళి "సహకరించలేదు" అని రాసుకోవడం మన తప్పే. కార్తీక సోమవారాలు ఉపవాసం, వద్దు. సార్వా కోతలు నవంబరు, డిసెంబరు. దాళ్వా కోతలు ఏప్రిల్. ఆ రోజుల్లో ఇల్లు ఖాళీ, మామ్మగారూ పసివాళ్ళే ఉంటారు, మీరు వెళ్తే చూసుకునేవాళ్ళు లేకుండా మాట్లాడినట్టవుతుంది. సంక్రాంతికి ఇల్లు చుట్టాలతో కిటకిట, కొత్తమొహాలకే ఆవిడ బెదిరి ఉంటారు. జులై నుంచి వరదలొస్తే లంక గ్రామాలకి పడవ మీద వెళ్ళాలి, అప్పుడు మనసు ఇంటర్వ్యూ మీద ఎవరికీ ఉండదు. రోహిణీ కార్తె ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా తికమక పెరుగుతుంది. ఇవన్నీ తీసేస్తే మీకు జనవరి చివర నుంచి మార్చి దాకా బాగుంటుంది, థీసిస్ గడువు దాన్నిబట్టి వేసుకోండి.

ఇక కోడలు జవాబు చెప్పడం. ఆవిణ్ణి ఆపమంటే చిన్నబుచ్చుకుంటుంది, పైగా అత్తగారి ముందు అది బాగోదు. ఇద్దరు వెళ్ళండి. ఒకరు వంటింటి అరుగు మీద కోడలితో ఆమె ప్రశ్నలు అదే సమయంలో మొదలుపెట్టాలి, ఆమెకీ చెప్పుకోవాల్సింది బోలెడుంటుంది. ఇంకొకరు వసారాలో మామ్మగారితో. తలుపు తెరిచే ఉండాలి, ఒకరికొకరు కనబడుతూ, మాట వినపడకుండా. ఆడవాళ్ళ దగ్గరికి ఆడపిల్లే వెళ్ళాలి, వేరే చెప్పక్కర్లేదు. మీరు కుర్చీలో, ఆవిడ నేలమీద ఉంటే అది ఇంటర్వ్యూ కాదు, విచారణ. చాపేసుకుని మీరూ కూర్చోండి. వెలుగు మీ మొహం మీద పడాలి, వీపు వైపు కిటికీ ఉంటే మీరు ఆవిడకి నల్లటి నీడలా కనిపిస్తారు. కళ్ళజోడు తుడిచి పెట్టించండి, వినికిడి మిషనుంటే బ్యాటరీ చూడండి. సగం "అర్థం కాలేదు"లు అక్కడే తీరిపోతాయి.

"ఆయ్" గురించి. గోదావరి జిల్లాల "ఆయ్" ఒప్పుకోలు కాదండి, మర్యాద. "చెప్పండి, వింటున్నాను" అని దానర్థం. తేల్చుకోవాలంటే ఒకే సంగతి రెండు వైపుల నుంచీ, పది నిమిషాల ఎడంతో అడగండి. "స్నానం మీ అంతట మీరే చేసేస్తారాండీ?" అంటే ఆయ్. కాసేపాగి "స్నానానికి ఎవరైనా పక్కనుండాలాండీ?" అంటే మళ్ళీ ఆయ్. ఆ రెండూ జవాబులు కావు. నోట్సులో "మర్యాద ఆయ్" అని గుర్తు పెట్టి వదిలెయ్యండి, పట్టికలో అవునుల కింద కలపకండి. దాని తర్వాత ఇంకో మాట వస్తేనే జవాబు: "ఆయ్, ఆ చెంబు ఎత్తలేకపోతన్నానండి" అన్నారనుకోండి, అది ఆవిడ మాట.

వద్దన్నట్టు చెప్పేది కూడా మర్యాదగానే ఉంటుంది. "వంటకి పొద్దెక్కిపోయిందమ్మా" (వంట కోడలే చేస్తున్నా సరే), "మీరు భోంచేసి వెళ్ళండి", కొంగు మడతలు పెట్టడం, గుమ్మం వైపు చూడటం. ఇలాంటివి రెండు వెంటవెంటనే కనబడితే ప్రశ్నలు ఆపి మంచినీళ్ళు అడగండి. మళ్ళీ కనబడితే ఆ రోజుకి చాలు.

రికార్డింగుకి ఫోను నేలమీద పెడితే ఫ్యాను హోరే పడుతుంది. కాలరు మైకు, గడ్డానికి జానెడు కింద. రేకుల ఇంట్లో వాన మొదలైతే రికార్డింగు వదులుకోండి, చేత్తో రాసుకోండి.

మాటపలుకు:

ప్రశ్నల గురించి కొంత. లేసుదారం గారూ, మీ ప్రశ్నావళి పెట్టలేదు గానీ ఇలాంటివి సాధారణంగా "దైనందిన కార్యకలాపాలలో మీరు ఎదుర్కొంటున్న ఇబ్బందులను వివరించండి" అని మొదలవుతాయి. అది తెలుగు మాస్టారికి కూడా అర్థంకాదు. "పొద్దున్న లేచాక ఏ పని కష్టంగా ఉంటోందండీ?" అన్నా ఇంకా పెద్దదే. చేతిలో చెంబు పెట్టి "ఇది ఎత్తడం ఎలా ఉంటోందండీ?" అనండి. వస్తువు చేతిలో ఉంటే ప్రశ్నని గుర్తుపెట్టుకునే బరువు తగ్గుతుంది. క్రోషా సూది, కొబ్బరి పీచు, పూలదండ కట్టే నార, తాతయ్యగారికైతే పలుగో కొడవలో. ఒకచోట కుదురుగా కూర్చోలేనివాళ్ళతో కాలవగట్టు మీద నడుస్తూ మాట్లాడొచ్చు, నడకలో మాట తేలిగ్గా వస్తుంది.

"గుర్తుందా?" అన్న మాట ఇంటర్వ్యూ మొత్తంలో రాకూడదు. అది వినబడగానే సంభాషణ పరీక్షగా మారిపోతుంది, తప్పు చెబుతానేమోనన్న భయంతో మనిషి ముడుచుకుపోతారు. నిన్న ఏం తిన్నారని కాదు, ఏం తినడం ఇష్టమని. "ఎందుకు" అన్నది కూడా కష్టమే, కారణాలు పేర్చి చెప్పాలి. ఎవరు, ఏది, ఎక్కడ అన్నవి నయం. ఒక ప్రశ్నలో ఒకటే సంగతి. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. మనకి ఆ మౌనం భరించడం చాలా కష్టం, నాలుగు దగ్గరే నోరు తెరిచి ప్రశ్న మార్చేస్తాం. మార్చారంటే ఆవిడ మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. మళ్ళీ అడగాల్సివస్తే అవే మాటలు వాడండి.

"ఇంట్లో ఉండటం ఇష్టమా, గుడికెళ్ళడం ఇష్టమా" లాంటి రెండింట్లో ఒకటి ప్రశ్నలకి చివర విన్నదే తిరిగి చెప్పడం మామూలు. వరస తిప్పి మళ్ళీ అడగండి. రెండుసార్లూ గుడి అంటేనే గుడి.

మాట తగ్గిపోయినవాళ్ళని వదలకండి. స్కాట్లాండ్‌లో స్టిర్లింగ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన టాకింగ్ మ్యాట్స్ అనే పద్ధతి ఉంది. చాప మీద పైన మూడు గుర్తులు: బాగుంది, పరవాలేదు, బాలేదు. కింద బొమ్మ కార్డులు ఒక్కోటీ ఇస్తే ఆవిడ తన ఇష్టం వచ్చిన చోట పెడతారు. మనకి కావాల్సిన కార్డులు మనమే తీసుకోవాలి. గీసిన బొమ్మలు కాదు, ఫోటోలు: వాళ్ళ ఊరి గుడి, తులసికోట, గ్యాస్ పొయ్యి, మరుగుదొడ్డి, టీవీ, మందుల డబ్బా, మనవలు, ఆటో. పది పన్నెండుకి మించొద్దు. అరచెయ్యంత సైజు, మెరవని లామినేషన్ చేయించండి. మెరిసేదైతే ట్యూబులైటు పడి బొమ్మే కనబడదు. ముందు కాకరకాయ, జున్ను, ఉప్పుచేప లాంటి తిండి కార్డులతో ఆడించి చూడండి. జున్నునీ కాకరకాయనీ ఆలోచించి వేరువేరు చోట పెడితే పద్ధతి అర్థమైనట్టు. అన్నీ వరసగా ఒకే గడిలో పేరుస్తూ పోతే ఇవాళ్టికి ఇది పనిచెయ్యదు. అయ్యాక "గుడి బాగుందన్నారు, మందుల డబ్బా బాలేదన్నారు, ఇంతేనాండీ?" అని ఒక్కొక్కటీ వేలితో చూపించి, మార్చుకోనిచ్చి, చాప ఫోటో తీసుకోండి. అదే మీ డేటా.

ఒక హెచ్చరిక. మొన్నటిదాకా బాగా మాట్లాడినవాళ్ళు ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా మగతగా, పొంతన లేకుండా అయిపోతే అది డిమెన్షియా ముదరడం అనుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, కొత్త మందో అయ్యుండొచ్చు. ఇంటర్వ్యూ పక్కనపెట్టి డాక్టరుకి చూపించమనండి.

నిక్కచ్చి:

సమాచార పత్రంలో "డిమెన్షియా" అన్న మాట గురించి ఎవరూ జవాబు చెప్పలేదు. నా మాట, పెట్టాలి. దేని గురించి అడుగుతున్నారో చెప్పకుండా తీసుకున్న సమ్మతి తెలిసి ఇచ్చింది ఎలా అవుతుంది? ఇంట్లోవాళ్ళు దాచమన్నారని మనమూ దాస్తే, ఆవిడకి ఏం తెలియాలన్నది మళ్ళీ కొడుకే నిర్ణయించినట్టు కదా.

కమిటీబల్ల:

నిక్కచ్చి గారి మాటలో న్యాయం ఉంది గానీ, జబ్బు పేరు మొదటిసారి వినిపించేది సమాచార పత్రం కాకూడదండి. అది డాక్టరు పని, పక్కన కూర్చుని చెప్పాల్సిన పని. మనవైపు చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు, ఇంట్లో "చాదస్తం" అనో "మతిమరుపు" అనో అంటారు. నడిమార్గం ఒకటుంది. వెళ్ళేముందు ఇంట్లో అడగండి, ఆవిడ తన ఇబ్బందిని ఏమంటారని. "మరుపు" అంటే మరుపు, "తల పనిచెయ్యట్లేదు" అంటే అదే. పత్రం మీద "మరుపు ఎక్కువైన పెద్దవాళ్ళతోనే మాట్లాడుతున్నాం" అని రాయండి, అది అబద్ధమూ కాదు, తీర్పూ కాదు. "నాకు పిచ్చా అమ్మా?" అని సూటిగా అడిగితే తప్పించుకోకండి. "కాదండి, మరుపున్నవాళ్ళతో మాట్లాడుతున్నాం, మీకూ మరుపుందని చెప్పారు" అని చెప్పి ఆగండి. పత్రం మాత్రం ఒక్క పేజీ, 18 పాయింట్ల అక్షరం, మీ ఫోటో, ఫోను నంబరు. కమిటీకి కావాల్సిన పెద్ద పత్రం విడిగా ఇంట్లోవాళ్ళకివ్వండి.

ఇంకొకటి రాయడం మరిచాను. కొట్టారనో, అన్నం పెట్టట్లేదనో మాటల్లో బయటపడితే ఏం చేస్తారో ముందే పత్రంలో ఉండాలి: "మీకు హాని జరుగుతోందని తెలిస్తే మాత్రం దాచలేం" అని. అలాంటప్పుడు పెద్దల సహాయవాణి 14567 ఉంది. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007 కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంది. మనసు కలతపడితే, అది కోడలికైనా సరే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416.

నిక్కచ్చి:

"మరుపున్నవాళ్ళతో" అన్న వాక్యం పరవాలేదు. ఒప్పుకుంటున్నాను, సగం.

లేసుదారం:

చాలా థాంక్సండి. గంటని 25 నిమిషాలు మూడుసార్లుగా మార్చేశాను, స్కోరు గీత తీసేశాను. ఇరవై మందిని పన్నెండుకి తగ్గిస్తున్నాను. ఇంకో రెండు అడగాలి. రికార్డింగు విని రాసే రాతప్రతిలో, వాళ్ళు ఒకే మాట ఐదుసార్లు చెబితే ఒకసారి రాస్తే చాలా? అలాగే, ప్రశ్నలు తయారు చెయ్యడంలోనే వాళ్ళని కలుపుకోవచ్చా, అది ఎమ్మెస్సీ స్థాయిలో అయ్యే పనేనా?

అచ్చుతప్పు:

ఐదుసార్లు చెబితే ఐదుసార్లూ రాయండి, ఒక్కోసారి దేని తర్వాత వచ్చిందో కూడా. "ఇంటికెళ్ళిపోవాలమ్మా" అని సొంతింట్లోనే కూర్చుని అంటారు. ఐదుసార్లూ కోడలు గొంతు వినబడగానే అన్నారా, స్నానం సంగతి ఎత్తగానే అన్నారా అన్నది చూస్తే ఆ "ఇల్లు" ఒక చోటి పేరు కాదని తెలుస్తుంది. నిజానిజాలు సరిచెయ్యకండి. చనిపోయిన భర్త పొలం నుంచి ఇంకా రాలేదని అంటే, లేరని చెప్పకండి, వస్తారని కూడా అనకండి. "ఆయనకి ఏం వండిపెట్టేవారండీ?" అంటే మాట సాగుతుంది. మౌనాలు సెకన్లలో వెయ్యండి, మూడు దాటినవన్నీ. కార్డులు కదిపినవీ చేతి సైగలూ పక్క గడిలో పెట్టండి. థీసిస్ ఇంగ్లీషులో రాసినా తెలుగు మాట పక్కనే ఉంచండి, "ఎత్తలేకపోతన్నానండి"లోని ఆ "అండి" అనువాదంలో ఎలాగూ పోతుంది. చెప్పింది సరిగ్గా విన్నారో లేదో అదే రోజు లేచేముందు అడగాలి. నెల తర్వాత రాతప్రతి పట్టుకెళ్ళి "మీరిలా అన్నారు" అంటే, అనలేదంటారు. అది అబద్ధమూ కాదు.

పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగరు. మండలం, వయసు, లేసు అల్లిక, కువైట్ కొడుకు, ఈ నాలుగూ కలిపి రాస్తే ఊళ్ళో ఎవరైనా ఇల్లు చూపిస్తారు. మండలం తీసెయ్యండి, వయసు పదేళ్ళ గుత్తిగా ఇవ్వండి.

మనుషుల్ని ఆస్పత్రి ఓపీ నుంచే ఎంచుకోకండి, అక్కడికి కారున్న కొడుకు తల్లే వస్తుంది. 2023లో వచ్చిన లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం లెక్కలో మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో, పట్టణాలకంటే పల్లెల్లో ఎక్కువ.

రెండోదానికి, అవుతుంది, ముగ్గురితో మొదలుపెట్టండి. స్కాట్లాండ్‌లో డిమెన్షియా ఉన్నవాళ్ళే నడిపే బృందం 2002 నుంచి ఉంది, యూరప్ స్థాయిలో 2012లో ఒకటి ఏర్పడింది. 2014లో మొదలైన డిమెన్షియా అలయన్స్ ఇంటర్నేషనల్‌లో జబ్బు ఉన్నవాళ్ళకే సభ్యత్వం. మన దేశంలో అల్జీమర్స్, అలాంటి జబ్బుల సంఘం ఏఆర్‌డీఎస్‌ఐ 1992లో కేరళలో పుట్టింది, హైదరాబాద్‌లో శాఖ ఉంది, అక్కడ అడగండి. మీ స్థాయికి కావాల్సింది ఒక వసారా, గంటన్నర, మధ్యలో టీ, ఒకే ఒక్క పని. మీరు రాసిన ప్రశ్నలు ఆరు, కాగితానికొకటి చొప్పున పెద్ద అక్షరాల్లో. ఒక్కోటీ చదివి "ఇది అడగదగ్గదేనాండీ?" అనండి. వద్దన్న కాగితం అక్కడే పక్కన పడెయ్యండి, వాళ్ళు చూస్తుండగా. చూడకపోతే వాళ్ళ మాట పనిచేసిందని నమ్మరు. "కన్సల్టేషను" అనకండి, "సలహా కావాలి" అంటే పెద్దవాళ్ళు ఉత్సాహంగా వస్తారు. ముందురోజు ఒకసారి, ఆ రోజు పొద్దున్న ఒకసారి ఫోన్ చెయ్యాలి. ఆటో డబ్బులూ, వాళ్ళ సమయానికిచ్చేదీ అదే రోజు నగదుగా వాళ్ళ చేతికే, బ్యాంకులో వేస్తే కొడుకు ఫోనుకి మెసేజీ వెళ్తుంది. ఆ ఖర్చు కమిటీకిచ్చే బడ్జెట్‌లో ముందే చూపించండి, తర్వాత కలిపితే ప్రలోభం అంటారు. జరిగే తప్పల్లా, ప్రశ్నలు అచ్చయ్యాక పిలవడం. అప్పుడు తలూపడం తప్ప వాళ్ళు చెయ్యగలిగేది ఉండదు.

లేసుదారం:

ఆరు ప్రశ్నల కాగితాలు ఈ వారమే చేయిస్తానండి. మూడో విడత అయ్యాక ఇంకేమైనా చెయ్యాలా?

రేవుగట్టు:

రెండు వారాల్లోపు ఒక పేజీ అచ్చు వేయించి ఇవ్వండి, మీరు విన్నది నాలుగు వాక్యాల్లో, మీ ఫోటోతో. ఆలస్యమైతే మీరెవరో గుర్తుండరు.

ఇంకోటి, చివరిరోజు గుమ్మం దిగుతూ అలవాటుకొద్దీ "వెళ్ళొస్తామండి" అంటారు. మనకది మర్యాదమాట. మామ్మగారికి అది మాటిచ్చినట్టు, ఆ నర్సమ్మ ఇంకా రాలేదేమని రోజూ అరుగు మీద కూర్చుని అడుగుతుంటే సమాధానం చెప్పుకోలేక కోడలు విసుగుతుంది. "వెళ్తున్నాం" అనడం మనకి నోరు రాదు కాబట్టి "పనైపోయిందండి, సెలవు తీసుకుంటాం" అనండి. రెండో విడతలోనే "ఇంకొక్కసారే వస్తాం" అని చెప్పి, ఆ తేదీ పెద్ద అక్షరాల్లో గోడమీద క్యాలెండరులో రాసిపెట్టండి.